బతికున్న ముఖం

ఎవరైనా నా గది మెట్లెక్కి వస్తున్నారంటే వాళ్లింట్లో ఎవరో పోయారని అర్థం. వనపర్తిలో ఎరువుల దుకాణం మీదున్న ఆ గదిలో ఇరవై ఏళ్లుగా ఇదే వరస. వచ్చినవాళ్లు చెప్పులు బయట విడుస్తారు, గొంతు తగ్గిస్తారు, జేబులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెడతారు. దినాలకు కావాలంటారు. అంటే పదో రోజుకో పదకొండో రోజుకో దండ వేయడానికి ఒక పెద్ద బొమ్మ గీసివ్వాలి. ఆధార్ కార్డులో ఎవరి ముఖం చూసినా ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుంటుంది. ఆ ముఖంలోంచి నేను ఒక తండ్రినో తల్లినో బయటికి లాగాలి.

నేను చదువుకున్నది ఇది కాదు. హైదరాబాదులో ఐదేళ్లు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెలుగు ఎటు పడుతోందో చూసి, ముఖంలో ఎముక ఎక్కడుందో కనుక్కుని గీయడం నేర్చుకున్నాను. కూర్చున్న మనిషికి పావుగంటకోసారి విసుగొస్తుంది, గంటకోసారి తన గురించి ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది, ఆ మార్పులన్నీ కుంచెలోకి వస్తాయి. సొంతూరి వైపు వచ్చి గది తీసుకున్నాక నా ఎదుట కూర్చున్నవి కార్డులు, రేషన్ పుస్తకాలు, పెళ్లి గుంపు ఫోటోలో కందిగింజంత కనిపించే తలకాయలు. వాటికి మళ్లీ సవరణలు. కొంగు నెత్తి మీంచి తీసెయ్యమంటారు. బతికినన్నాళ్లూ మెడలో లేని గొలుసు ఒకటి వెయ్యమంటారు. చొక్కా తెల్లగా, ముఖం అంతకన్నా తెల్లగా ఉండాలి.

ఒకసారి నాగర్‌కర్నూల్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పత్తి రైతు బిడ్డలు. తండ్రి ఫోటో ఇచ్చి, నవ్వుతున్నట్టు చెయ్యమన్నారు. ఫోటోలో ఆయన పెదవులు బిగించి ఉన్నాడు. ఆయన నవ్వితే ఎలా ఉంటాడో నాకెలా తెలుస్తుందని అడిగితే, కొంచెం పెదవులు లాగితే సరిపోతుందని నాకే నేర్పించారు. సరే, లాగాను. దినాల ముందురోజు బొమ్మ నేనే పట్టుకుని వెళ్లాను. ఆయన భార్య లోపలినుంచి వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నావైపు తిరిగి, "ఈయన ఎవరమ్మా?" అని అడిగింది. కొడుకులు వెంటనే, అమ్మ దుఃఖంలో ఉంది, మీరేం అనుకోకండి, బొమ్మ మస్తుగుందన్నారు. తిరుగు బస్సులో నాకు ఆ కొడుకుల మీద, నా మీద, ఆ కుంచె మీద ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో నిజం చెప్పింది ఆమె ఒక్కతే.

అప్పటికే నేను మట్టి బొమ్మల పనిలోకి దిగి కొన్నేళ్లయింది. గీసిన బొమ్మకైతే దండ వేస్తారు, మట్టి తలకు ఎవరూ వేయరు కదా అన్న కసితోనే మొదలుపెట్టాను. గది వెనకాల రేకుల షెడ్డులో గ్యాసుతో నడిచే చిన్న బట్టీ కట్టించుకున్నాను. సిరామిక్ మట్టి బెంగళూరు నుంచి లారీలో వచ్చి కొత్తకోట దగ్గర రోడ్డు మీద దిగుతుంది, అక్కడినుంచి ఆటోలో తెచ్చుకోవాలి. ప్రతిసారీ ఆటో ఆయన బస్తా ఎత్తుతూ, మట్టి కొనుక్కొచ్చే మనిషిని నిన్నే చూసినా అని నవ్వుతాడు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

నేను చేసిన జాడీలు, పక్షులు, కొన్ని ఊహించి చేసిన తలలు హైదరాబాదులో ఒక గ్యాలరీ నడిపే ఆమె చూసింది. ముఖాల మీద ఒక ప్రదర్శన పెడుతున్నామని, ఊహించి చేసినవి కాకుండా నిజంగా ఒక మనిషిని చూసి చేసిన తల ఉంటే పంపమని ఫోన్ చేసింది. ఇరవై ఏళ్లలో అలా అడిగిన మొదటి మనిషి. ఉంది, తప్పకుండా పంపుతానని చెప్పేశాను. నిజానికి అలాంటిదొకటీ లేదు. కాని చేస్తానన్న ధైర్యం.

ఆ ధైర్యం పెబ్బేరు పశువుల సంతలోనే సగం పోయింది. అక్కడ ఎద్దుల బేరాలు కుదిర్చే ఒక పెద్దాయన ఉంటాడు. ముఖమంతా గీతలు, ఒక్కో గీతా చూడముచ్చటగా ఉంటుంది. రోజుకో గంట కూర్చుంటే మీ బొమ్మ చేస్తానన్నాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, "నాకేమైంది మేడం, మంచిగనే ఉన్న గదా" అన్నాడు. కొత్తకోటలో దాబా నడిపే ఆమెను అడిగితే, ఇంకా పిల్లల పెళ్లిళ్లు కాలేదు, ఇప్పుడే ఎందుకని తప్పుకుంది. వీళ్లంతా రోజుకు పది సెల్ఫీలు దిగే మనుషులే. ఫోనులో ముఖం ఎంత వంకరగా వచ్చినా పర్వాలేదు. నేను చేస్తానంటే మాత్రం వాళ్లకు గోడా, మేకూ, దండా కనిపిస్తాయి. ఆ అలవాటు వాళ్లకు చేసింది నేనే కదా అని గుర్తొచ్చి ఇంకా చిరాకేసింది.

చివరికి గద్వాల పోయాను. మా అమ్మ వాళ్లక్క, నాకు పెద్దమ్మ, అక్కడ మా అన్న ఇంట్లోనే ఉంటుంది. మాది మగ్గాల ఇల్లు. నూలు చీరకు పట్టు అంచు వేసి నేసే పని మా అన్నది, ఆ మగ్గానికి కావలసిన నూలును కండెలుగా చుట్టే పని పెద్దమ్మది. డెబ్బై దాటినా పొద్దున్నే రాట్నం ముందు కూర్చుంటుంది. తెగిన పోగు కోసం ఏళ్ల తరబడి చూసీ చూసీ ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. నోటి తడితో పోగు అతికించే అలవాటు వల్ల పెదవులు ఎప్పుడూ ఏదో మాట మొదలుపెట్టబోతున్నట్టే ఉంటాయి. చిన్నప్పటినుంచీ ఆ ముఖం నా కళ్లముందే ఉంది, నేనేమో సంతలన్నీ తిరిగొచ్చాను.

విషయం చెబితే ఆమె కండె చుట్టడం ఆపలేదు. ఫోటోనా, మట్టి బొమ్మనా అని అడిగింది. మట్టిదన్నాను. మట్టిదైతే ఏం కాదులే, నా పనికి అడ్డం రాకుండా నీ పని నువ్వు చేసుకో అంది.

అలా ఏడు ఆదివారాలు నడిచింది. వనపర్తినుంచి పొద్దున బస్సుకు వచ్చేదాన్ని, సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. మట్టి తల గద్వాలలోనే ఉండేది. తడి ఆరిపోకుండా రోజూ పాత నూలు గుడ్డ తడిపి చుట్టమని వదినకు చెప్పాను కాని, ఆ పని పెద్దమ్మే తీసుకుంది. వారం మధ్యలో ఫోన్ చేసి, పొద్దున నా మొఖం తడిపిన, మాపటికి మళ్ల తడుపుత అని చెప్పేది. నాలుగో ఆదివారం మట్టి కొంచెం గట్టిపడ్డాక, లోపల గుల్ల చేసి మళ్లీ అతికించడానికి తల పైభాగాన్ని తీగతో కోసి తీశాను. బొటనవేలంత మందమే మిగలాలి, లేకపోతే తర్వాత పగిలిపోతుంది. ఆమె మెడ చాచి చూసి, లోపల ఏమన్నా ఉందా అని అడిగింది. ఏమీ లేదు పెద్దమ్మా, అంతా మట్టే అన్నాను. నాకు ముందే తెలుసు అని నవ్వింది. ఆ నవ్వు నాగర్‌కర్నూల్ నవ్వులాంటిది కాదు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, కుడి కన్ను ఒక్కటే నవ్వేది. అది మట్టిలోకి వచ్చింది. నా చేతితో అలాంటి పని అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఏడో ఆదివారం తలను బక్కెట్లో పాత చీరల మధ్య సర్దుతుంటే, ఇప్పుడు దీన్నేం చేస్తవని అడిగింది. నీడలో మెల్లగా ఆరబెట్టి బట్టీలో కాలుస్తానని మామూలుగా చెప్పాను. రాట్నం ఆగిపోయింది.

"బతికున్న మొఖాన్ని అగ్గిల పెడ్తవా?" అంది.

మొదట వేళాకోళమనుకున్నాను. కాదు. నేను ఓపికగా మొదలుపెట్టాను. కాల్చకపోతే అది ఉత్త మట్టి, నాలుగు చినుకులు పడితే కరిగిపోతుంది, బస్సు కుదుపుకు చెవి ఊడిపోతుంది, కాలిస్తేనే రాయిలా వందేళ్లు ఉంటుందని చెప్పాను. ఆమె విన్నది. నీళ్లల్ల కరిగితే కరగని, నేను గూడ కరిగేదాన్నే గదా అంది. కుండలు కాల్చడం లేదా, ఆ కుండల్లోనే కదా నువ్వు నీళ్లు తాగేదన్నాను. "కుండకు నా మొఖం ఉందా?" అంది. అన్న మగ్గం మీదినుంచి తల తిప్పి, ఎందుకే ఆమెతోని లొల్లి, పోనియ్యరాదు అన్నాడు. అందరికీ పోనిచ్చే పనే ఇది. నా ఏడు ఆదివారాలు, నా ఇరవై ఏళ్లు, ఎవరికీ ఏమీ కాదు. చదువు రానివాళ్లతో ఇదే తంటా అని గట్టిగానే అన్నాను. వదిన వంటింట్లోంచి తొంగి చూసింది. పెద్దమ్మ మాత్రం కోపం తెచ్చుకోలేదు.

"కాల్చనని మాటియ్యి, తీస్కపో" అంది.

బస్సు వేళ అవుతోంది. కాల్చనన్నాను.

ఆ తర్వాతి పదిహేను రోజులు నేను మనిషిలా లేను. తల షెడ్డులో నీడన ఆరుతూ రంగు పాలిపోయి, రోజు రోజుకూ ఆమెలా తయారవుతోంది. మెడ కింద వెంట్రుకంత చీలిక ఒకటి కనిపించింది. అలాగే వదిలేస్తే అది పైకి పాకుతుంది. పచ్చి తలను హైదరాబాదు పంపితే ముక్కలే చేరతాయి. పెద్దమ్మ రెండు రోజులకోసారి ఫోన్ చేసి, "ఎట్లున్న నేను?" అని అడిగేది. మంచిగున్నవు, ఆరుతున్నవని చెప్పేదాన్ని. ప్రతి ఫోనులోనూ బతిమాలదామనుకునేదాన్ని, ప్రతిసారీ ఆమె ఆ ప్రశ్నతోనే నా నోరు మూయించేది. ఫోన్ పెట్టేశాక గోడతో వాదించేదాన్ని. పోయినవాళ్ల ముఖమైతే గోడకెక్కిస్తారు. బతికున్న ముఖం నిలిచి ఉంటుందంటే వద్దంటారు. ఇక ఈ నేల మీద నా చదువుకు పనేంటి, మనిషి చస్తే తప్ప నాకు అన్నం పెట్టని ఈ విద్య ఎందుకు నేర్చుకున్నాను అని.

గ్యాలరీ ఆమె గడువు గుర్తుచేస్తూ ఫోన్ చేసిన మరుసటి పొద్దున, తెల్లగా తెల్లారాక, తలను బట్టీలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆ పనిలో నాకు తొందరపడే అలవాటు లేదు. మొదటి మూడు గంటలు తలుపు కొంచెం తెరిచి చిన్న మంట మీదే ఉంచాను, లోపలి తడి మెల్లగా బయటికి పోవాలి. తర్వాత తలుపు మూసి మంట పెంచాను. లోపల ఎలా ఉందో చూసుకోవడానికి బట్టీ పక్కన రూపాయి బిళ్లంత రంధ్రం ఉంటుంది. జాడీలు కాల్చేటప్పుడు పదిసార్లు అందులోంచి చూస్తాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా చూడలేదు, గ్యాసు ఒత్తిడి చూపే ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాను. చూడక తప్పని వేళ వచ్చాక చూశాను. పొద్దుగూకేసరికి మంట ఆపేశాను. బట్టీ చల్లారేదాకా ఒకటిన్నర రోజు పట్టింది.

తలుపు తీస్తే తల నిక్షేపంగా ఉంది. మెడ కింది చీలిక కూడా పెరగలేదు. మట్టి ఇటుక రంగుకు తిరిగి, ఎడమ కన్ను మూసుకుని, కుడి కన్నుతో నావైపు చూసి నవ్వుతోంది. దాన్ని ఎత్తుకుని బల్ల మీద పెట్టి, ఇంత మంచి పని చేసినా ఒక్క పిసరు సంతోషం రావడం లేదేంటని నాలో నేనే విసుక్కున్నాను.

ఫోటోలు తీసి గ్యాలరీ ఆమెకు పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. అద్భుతంగా ఉందంది, ప్రదర్శనలో నడిమి స్థానం దీనికేనంది. కింద పేరు పక్కన రాయడానికి ఒక వివరం కావాలంది.

"ఆవిడ పోయి ఎన్నాళ్లయింది?"

ఎరువుల దుకాణం మెట్లెక్కి వచ్చినవాళ్లను ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఏసీ గదిలో కూర్చుని, ప్రపంచంలోని బొమ్మలన్నీ చూసిన ఆమెకూ అదే అనిపించింది. బతికే ఉంది, గద్వాలలో కండెలు చుడుతోందని కొంచెం కటువుగానే చెప్పాను. ఓ, సారీ, ముఖంలో ఏదో అలా అనిపించింది అంది. ఆ 'ఏదో' ఏంటో అడగలేదు. తలను గడ్డి పేర్చిన చెక్కపెట్టెలో సర్ది, మూతకు మేకులు కొట్టి, పెట్టె గదిలోనే ఉంచి, మర్నాడు పొద్దున గద్వాల బస్సెక్కాను.

దారంతా నా వాదన సిద్ధం చేసుకున్నాను. ఇది మట్టి, నువ్వు మనిషివి, రెండూ ఒకటి కావు, చూడు, నువ్వు నిక్షేపంగా ఉన్నావు, ఏమన్నా అయిందా? ఇంతే. ఇంత చిన్న మాటకు అన్ని రోజులు భయపడ్డానని నన్ను నేనే దెప్పుకున్నాను. ఇల్లు చేరేసరికి పెద్దమ్మ గడప లోపల రాట్నం ముందు ఉంది. అన్నా వదినా నేసిన చీరలు ఇవ్వడానికి బజారుకు పోయారట. నేను చెప్పులు విప్పుతూనే, పెద్దమ్మా, దాన్ని కాల్చిన అనేశాను.

ఆమె చుడుతున్న కండెను పూర్తిగా చుట్టి, పోగు తెంపి, పక్కన పెట్టింది. అప్పుడు తలెత్తి, ఎప్పుడని అడిగింది. మూడు రోజులయిందన్నాను. ఎంతసేపు కాలిందని అడిగింది. పొద్దుననుంచి పొద్దుగూకేదాకా అన్నాను. పక్కన ఎవరున్నారని అడిగింది. నేనొక్కదాన్నే ఉన్నానన్నాను.

"చూసినవా?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. చూసిన అన్నాను.

"ఎట్ల కనపడ్డ?"

"ఎర్రగ" అన్నాను. "మంట యాడ, మొఖం యాడ తెల్వలే పెద్దమ్మా. అంతా ఒకటే వెలుగు. కన్నూ ముక్కూ దాంట్లనే ఉన్నయి, కదల్లే."

ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. అప్పుడు ఆమె మా పెద్దనాన్న గురించి చెప్పింది. నేను పుట్టకముందే పోయాడాయన. పెళ్లయి నాలుగేళ్లేనట. ఆడవాళ్లు కాటికి రాకూడదని ఈమెను వీధి మలుపు దగ్గరే ఆపేశారట. కాటికి పోయినవాళ్లు తిరిగొచ్చారు, తలకు పోసుకున్నారు, బువ్వలు తిన్నారు. ఎట్ల కాలినాడో ఒక్కరూ చెప్పలేదు, నేను ఎవరిని అడగాలె అంది. యాభై ఏళ్లుగా పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆ ముఖాన్ని అందులో పెట్టి చూసుకుంటోందట. నిప్పులో ముఖం ఎలా ఉంటుందో తెలియక ఎన్ని రకాలుగానో ఊహించుకుందట. చదువు రానిదని నేను అన్న మనిషి ఈమె. అంతకన్నా నన్ను నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

నేను గడప దాటి లోపలికి అడుగు పెట్టబోయాను.

"ఆడ్నే ఆగు" అంది. "అగ్గి పెట్టినోళ్లు తలకు పోసుకోకుంట ఇంట్లకు రావద్దు."

ఇది మట్టి పెద్దమ్మా అన్న వాదనను గడప బయటే వదిలేశాను. ఏ మంత్రమూ తంత్రమూ నమ్మని నేను, బస్సు దుమ్ముతో ఉన్న చీరతోనే పక్క సందులోంచి వెనక వాకిట్లోకి నడిచి నల్లా దగ్గర రాయి మీద కూర్చున్నాను. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి, బక్కెట్ నింపి, తానే చెంబుతో నా నెత్తిన నీళ్లు పోయడం మొదలుపెట్టింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒక్క చెంబూ పక్కకు పోలేదు.

నాలుగో చెంబుకు ఆగింది.

"ఎదురుంగ నిలబడి చూసినవ్ గదా. రేపు నన్ను నిజంగ కాల్చేటప్పుడు గూడ నువ్వే ఉండాలె. ఎవరు వద్దన్నా ఉండు. చూడు."

ఉంట అన్నాను.

"ఈ మాటన్నా తప్పకు" అని చెంబు మళ్లీ ముంచింది.